వన్-వే పుణ్యమా అని వైజాగంతా చూశాను

పట్నంలో వన్-వేలు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన మెడలో దండ వెయ్యాలి! అందరూ తిట్టుకుంటారు. వన్-వే లేకపోతే నాబోటి పలాసవాడికి వైజాగ్ ఎవరు చూపిస్తారండీ? టూరిస్టు బస్సువాడా? టిక్కెట్టడగడూ!

మొన్న మా మేనకోడలు ఇవాంజెలిన్‌కి అక్కడ ప్రధానం. పదకొండింటికి ప్రార్థన, ఉంగరాలు, తర్వాత భోజనాలు. పనసపొట్టు కూరకి కాయ నాది. అసలైన ఉద్దానం కాయ! దాన్ని గోనెలో చుట్టి సైకిలు వెనకాల కట్టాను. సైకిల్ని పాసింజరు బండిలో వేయించాను. తొమ్మిదికల్లా వాళ్ల వీధి మొదట్లో ఉన్నాను.

ఆరో ఇల్లే. డాబా మీంచి పిల్ల చెయ్యి ఊపుతోంది కూడా. అంతలో కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు.

"ఏటయ్యా, బోర్డు కనిపించనేదేటి? వన్-వే. సుట్టూ తిరిగి రా."

తిరిగాను. ఏం తిరుగుడనుకున్నారు! ఒక వన్-వే నన్ను ఇంకో వన్-వేకి అప్పజెప్పింది. అది తీసుకెళ్లి సముద్రానికి అప్పజెప్పింది. ఓడలు చూశాను. పలాసకి ఇంకా రాని సినిమాల పోస్టర్లు చూశాను. పెద్దాసుపత్రి గేటు రెండుసార్లు చూశాను. రెండోసారి వాచ్‌మన్ గోనె వంక జాలిగా చూసి "పిల్లోడికేటయింది?" అనడిగాడు. "ఒళ్లంతా ముళ్లు బావూ" అన్నాను. పాపం, దారిచ్చాడు!

గంట తర్వాత ఎక్కడ తేలానంటారు? అదే వీధి మొదట్లో! అదే లాఠీ! పిల్ల మళ్లీ చెయ్యి ఊపింది. నేనూ ఊపి రెండో చుట్టుకి బయల్దేరాను.

ఆ చుట్టు ముగిసేసరికి డాబా మీద మా అక్క ప్రేమకుమారి నిలబడి ఉంది.

"యేళాకోళాలు సాలించి రారా! పాస్టరు గారొచ్చీసేరు!"

అదీ నా మీద నమ్మకం! ఆవిడ పెళ్లిలో పాస్టరు గారి చెప్పులు దాచిన నాటి నుంచీ నేనేం చేసినా వేళాకోళమే. ఇంకెవరు డాబా దిగి నా సాయానికొస్తారు చెప్పండి?

మూడో చుట్టు చివర్లో చైను తెగింది. మా ఉద్దానంలో సైకిలు నడిపించుకుంటూ చుట్టాలింటికి వెళ్తే పరువు తక్కువ. అయినా ఏం చేస్తాం? తలొంచుకుని తోసుకుంటూ వచ్చి లాఠీ ముందు నిలబడ్డాను. లాఠీ పక్కకి తప్పుకుంది!

"నడిపించుకుని పోతే ఎవులొద్దన్నారు?"

"మరి పొద్దున్నే సెప్పనేదేటి బావూ?"

"నువ్వడిగితే కదా!"

నేను చేరేసరికి బంగాళాదుంప కూర వడ్డించేస్తున్నారు. మా అక్క నా వంక చూడలేదు. ఎండలో ఊరంతా తిరిగిన నా పనసకాయ అప్పటికే పండు వాసన మొదలుపెట్టింది.

అయినా సరే, మళ్లీ చెబుతున్నాను. వన్-వే అంత మంచిది ఇంకోటి లేదు. వైజాగ్‌లో ఏం చూశావంటే చెప్పడానికి నాకు పది వేళ్లూ చాలవు. చూడనిది ఒక్కటే. మా పిల్ల వేలికి ఉంగరం తొడుగుతుంటే చూడలేదు.