మంత్రిగారి చేతిలో సిర్ర

బీదర్ జిల్లా భాల్కి రోడ్డు మీది రేగులవాడి ఊరి డప్పు, పిల్లనగ్రోవి మేళాన్ని ‘సజీవ వారసత్వ సంపద’గా ప్రకటిస్తూ సర్కారు ఉత్తర్వు వెలువరించింది. ఉత్తర్వు కన్నడంలో ఉంది. బడిపంతులమ్మ మహాదేవి పీర్ల సావిడి మెట్ల మీద నిలబడి దాన్ని ఊరందరికీ తెలుగులో చెప్పింది. మేళంలో డప్పు కొట్టే కిష్టప్ప చేతులు కట్టుకుని విన్నాడు.

"అంటే మా మేళం ఇంకా బతికే ఉన్నదని సర్కారు ఒప్పుకున్నట్టేనా టీచరమ్మా?"

"ఒప్పుకునుడే కాదు, ముద్ర గుడ ఏసిండ్రు."

ఊరు చప్పట్లు కొట్టింది. బతికున్నట్టు ముద్ర పడ్డ మేళం చుట్టుపక్కల ఏడూళ్లలో ఇంకోటి లేదు మరి.

ఆ మేళానికి తొమ్మిది డప్పులు, రెండు పిల్లనగ్రోవులు, ఒకే ఒక్క కట్టుబాటు ఉన్నాయి. పీర్ల పండుగ ఆఖరు రోజున సావిడి ముందు అలావ గుంతలో మంట వేసి, ఆ సెగకు డప్పులు కాస్తారు. కాచాక మేళం పెద్ద మొదటి దెబ్బ వేయాలి. అది పడితేనే మిగతా డప్పులు మోగాలి, డప్పులు మోగితేనే పీర్లు లేవాలి. పెద్ద మారే పద్ధతి కూడా సులువే. పాత పెద్ద తన కుడిచేతి కట్టెను, దాన్ని సిర్ర అంటారు, తన చేత్తో ఇంకొకరి చేతిలో పెట్టాలి. వాళ్లు దాంతో ఒక్క దెబ్బ కొట్టాలి. అయిపోయింది. కాగితం లేదు, ఎన్నిక లేదు, అందుకే ఇన్ని తరాలుగా తగాదా కూడా లేదు.

ఇప్పటి పెద్ద రాచమ్మ. ఎనభై రెండేళ్లు. మొగుడు పోతూ పోతూ సిర్ర ఆమె చేతిలో పెట్టిపోయాడు. ఆమె మరిది కిష్టప్పకు యాభై ఎనిమిది. ముప్ఫై ఏళ్లుగా రెండో దెబ్బ అతనిదే. అన్న దెబ్బ వెనక కొన్నేళ్లు, వదిన దెబ్బ వెనక కొన్నేళ్లు. రెండో దెబ్బను ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పండి!

"బుజం లేస్తలేదు కిష్టయ్యా. ఈ పండుగకు సిర్ర నీ చేతుల పెడ్త" అని రాచమ్మ ఉగాది నాడు మాట ఇచ్చింది. అప్పటి నుంచి కిష్టప్ప బర్రెలకు మేత వేసేటప్పుడు కూడా కుడిచెయ్యి ఆడిస్తున్నాడు. బర్రెలు అలవాటు పడ్డాయి.

ఇంతలో సన్మానం వచ్చిపడింది.

బీదర్‌లో పెద్ద షామియానా వేశారు. జానపద వారసత్వ శాఖ మంత్రి దయానంద్ గారు విచ్చేసి, పల్లె గొంతు నొక్కేయబడుతోందని యాభై నిమిషాలు బాధపడ్డారు. మేళానికి రెండు నిమిషాలు ఇచ్చారు. షామియానాలో మంట నిషేధం కాబట్టి డప్పులు కాచలేదు. మేళంవాళ్లు వేదిక ఎక్కగానే శాఖ అధికారి అఖిలేష్ రాచమ్మ చెవి దగ్గర వంగాడు. హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చినవాడు, మర్యాదస్తుడు.

"అమ్మా, సార్ చేతికి ఒక్కసారి ఆ కర్ర ఇవ్వండి. ఒక్క ఫొటో."

రాచమ్మ ఎడమకు చూసింది. కుడికి చూసింది. మేళంలోని మగాళ్లందరికీ ఒకేసారి కాళ్ల కింద నేల మీద ఏదో ఆసక్తికరమైనది కనబడింది. ఆమె ఇచ్చింది. మంత్రిగారు కొట్టారు. కాచని డప్పు గోనెసంచి దులిపినట్టు మోగింది. చప్పట్లు మిన్నుముట్టాయి. మంత్రిగారు సిర్రను జనానికి ఊపుతూ, ఊపుతూనే కారెక్కి వెళ్లిపోయారు.

తిరుగు బస్సు బీదర్ దాటింది. పిల్లనగ్రోవి ఊదే పీరప్ప నోరు తెరిచాడు.

"అక్కా, అయితే ఇప్పుడు మంత్రి మనకు పెద్ద అయిండా?"

"నా చేతులకెల్లి పోయింది, దెబ్బ పడ్డది. ఇంకేం గావాలె?" అంది రాచమ్మ.

"ఇంకో సిర్ర చెక్కుకుందాం తియ్యి."

"చెక్కు. పెద్దరికం గుడ చెక్కుతవా?"

కిష్టప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కుడిచెయ్యి తొడ మీద ఊరికే పడి ఉంది. పండుగకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.

మర్నాడే అతను బీదర్ వెళ్లి అఖిలేష్ ఎదుట నిలబడ్డాడు. అఖిలేష్ కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు, అంతా విన్నాడు.

"మంత్రిగారే మీ మేళానికి పెద్ద అయితే మంచిదే కదా కిష్టప్పగారూ? ప్రొఫైల్ పెరుగుతుంది."

"పెరుగుతది సారు. గని పండుగ నాడు మంట కాడికొచ్చి మొదటి దెబ్బ ఆయనే ఎయ్యాలె. లేకుంటే ఆయన చేత్తోని నాకియ్యాలె."

"రూల్ ఎక్కడుంది?"

"మా వదినె చెప్పింది."

"ఆమెకెవరు చెప్పారు?"

"మా అన్న."

"ఆయన స్టేట్‌మెంట్ తీసుకోవచ్చా?"

"ఆయన పోయి పన్నెండేండ్లాయె సారు."

అఖిలేష్ రాసుకున్నాడు. తర్వాత పెన్ను ఆపి, "ఒకవేళ పెద్ద సిర్ర ఇవ్వకుండానే పోతే? ప్రొసీజర్ ఏమిటి?" అన్నాడు.

"పోయినంక సిర్ర ఆయన చేతుల ఒకసారి పెట్టి తీసుకుంటం సారు. అది చెల్లుతది."

"అయితే మంత్రిగారి విషయంలో కూడా..." అని మొదలుపెట్టిన అఖిలేష్, గోడమీది ఫొటోలోంచి మంత్రిగారు తననే చూస్తున్నట్టు అనిపించి, ఆ వాక్యాన్ని అక్కడికక్కడే కొట్టేశాడు.

శాఖ వేగాన్ని మెచ్చుకుని తీరాలి. ఎనిమిదో రోజుకల్లా ఉత్తర్వు వచ్చేసింది: ‘మేళం పెద్దరికమును శ్రీ కిష్టప్పకు బదలాయించుటకు మంత్రివర్యులకు అభ్యంతరము లేదు.’ మూడు సంతకాలు, రెండు ముద్రలు. కిష్టప్ప దాన్ని వదిన చేతిలో పెట్టాడు. రాచమ్మ కాగితాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"దీనికి చెయ్యి ఏడున్నది?" అంది.

దాంతో కిష్టప్ప మంత్రిగారి బంగళాకే బయల్దేరాడు. అక్కడి వరండాలో చిద్రి నుంచి వచ్చిన కాశప్ప అనే పహిల్వాన్ కూర్చుని ఉన్నాడు. తాలింఖానాలో, అంటే కుస్తీ గోదాలో, మట్టి తవ్వే పార కోసం వచ్చాడట. మంత్రిగారు ప్రారంభోత్సవంలో మొదటి వేటు వేసి పట్టుకుపోయారు. ఆ పార దిగందే కుస్తీ మట్టి తవ్వకూడదు.

"ఎప్పటిసంది తిరుగుతున్నవ్ అన్నా?"

"రెండేండ్లు. మా పోరగాళ్లు ఇప్పుడు క్యారమ్స్ ఆడుతుండ్రు."

హాల్లో పెద్ద అద్దాల బీరువా ఉంది. అందులో పార ఉంది, సిర్ర ఉంది, ఎవరిదో నాగలి మేడి ఉంది, కల్లంలో ఎద్దులను తోలే కొరడా ఉంది. అన్నీ తళతళలాడుతున్నాయి. సిర్రకు వార్నిష్ కూడా వేయించారు. అన్న చేతి చెమటతో నల్లబడ్డ పిడి ఇప్పుడు కుర్చీ కోడులా మెరుస్తోంది. కిష్టప్ప అద్దం దగ్గరికి వంగి చూశాడు. తర్వాత నమస్కారం పెట్టి, వచ్చిన పని మంత్రిగారి పీఏ సంగమేశ్‌కు విన్నవించుకున్నాడు. పీఏ ఒక్కటే ప్రశ్న వేశాడు.

"పండుగకు మంది ఎందరొస్తరు?"

"మూడూళ్లోల్లు, సారు."

"ఓట్లున్నోళ్లే?"

"పీర్లకు తప్ప అందరికీ ఉన్నయి."

జిల్లా పంచాయతీ ఎన్నికలు దగ్గర్లో ఉండటం వల్ల మంత్రిగారికి జానపదం మీద మమకారం మరింత పెరిగి ఉంది. వెంటనే ఒప్పుకున్నారు. తనే స్వయంగా వచ్చి, తన చేత్తో ఇస్తానన్నారు. ఇంతటి నిగర్విని ఎక్కడైనా చూశామా!

పండుగ ఆఖరు రోజు మధ్యాహ్నానికి సావిడి ముందు ఇసుకేస్తే రాలని జనం. అలావ మండుతోంది. తొమ్మిది డప్పులు సెగకు బిగుసుకుంటున్నాయి. కిష్టప్ప కొత్త ధోవతి కట్టుకున్నాడు, తలకు రుమాలు చుట్టుకున్నాడు, పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు. రాచమ్మను మంచం మీద కూర్చోబెట్టి సావిడి నీడలోకి మోసుకొచ్చారు. ఆమె మరిదినే చూస్తోంది.

మంత్రిగారు గంటన్నర మాత్రమే ఆలస్యంగా వచ్చారు. "నాకు తెలుగు స్వల్ప స్వల్ప వస్తది" అని మొదలుపెట్టి, ఆ స్వల్పంలోనే నలభై నిమిషాలు మాట్లాడారు. తర్వాత సిర్ర తీసి, అందరూ చూస్తుండగా, కిష్టప్ప కుడిచేతిలో పెట్టారు.

కిష్టప్ప వేళ్లు దాని చుట్టూ మూసుకున్నాయి. వార్నిష్ కింద అన్న బొటనవేలు చేసిన గుంట తగిలింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి పైకి లేచింది.

"సార్, సార్! రాలేదు సార్!" అని ఫొటోగ్రాఫర్ అరిచాడు. "మీ మొహానికి పొగ అడ్డం వచ్చింది. ఒక్కసారి మళ్లీ, సార్!"

మంత్రిగారు నవ్వుతూ చెయ్యి చాపారు.

కిష్టప్ప ఇచ్చాడు.

ఇచ్చాక, చెయ్యి ఖాళీ అయ్యాక, అప్పుడు తెలిసింది అతనికి. నోరు తెరిచాడు. మంత్రిగారు అప్పటికే కొట్టేశారు. ఈసారి డప్పు కాగి ఉంది. దెబ్బ ఖణేల్మని సావిడి గోడలకు తగిలి తిరిగొచ్చింది. డప్పంటే ఇదా అని మంత్రిగారి ముఖం పసిపిల్లవాడి ముఖంలా వెలిగిపోయింది. ఆ సంతోషంలో సిర్రను జనానికి ఊపారు. ఊపుతూనే కారెక్కారు.

మొదటి దెబ్బ మంట దగ్గర, మేళం పెద్ద చేత్తో, పద్ధతి ప్రకారమే పడింది కాబట్టి ఆగాల్సిన పని లేదు. పీరప్ప పిల్లనగ్రోవి ఎత్తాడు. కిష్టప్ప ఎవరిదో కట్టె అందుకుని రెండో దెబ్బ వేశాడు. డప్పులు మోగాయి. పీర్లు లేచాయి. పండుగ బ్రహ్మాండంగా జరిగిందని మూడూళ్లవాళ్లూ అన్నారు.

అంతా అయ్యాక కిష్టప్ప వచ్చి రాచమ్మ మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆమె అతని కుడిచేతిని తన చేతుల్లో పెట్టుకుని చూసింది.

"నేను ఆ సారు అడిగితే ఇచ్చిన కిష్టయ్యా" అంది. "నిన్నెవ్వరడిగిండ్రు? చెయ్యి చాపంగనే ఇచ్చేస్తివి గదరా!"