పది నిమిషాల నక్షత్రం

క్రిస్మస్‌కి ఐదు రోజుల ముందు, శనివారం పొద్దున్న, క్రిస్టీనా తన ఇంటి ఫ్రిజ్ ముందు నిలబడి, దానికి అంటించి ఉన్న కాగితాన్ని ఆసుపత్రి వార్డులో కేస్ షీటు చదివినంత శ్రద్ధగా చదివింది. రాసింది ఆమె కూతురు జాస్మిన్. వయసు తొమ్మిది, అక్షరాలు గుండ్రం, అభిప్రాయాలు స్థిరం.

"అమ్మతో చెయ్యాల్సినవి. ఒకటి, నక్షత్రం. రెండు, గులాబీ పువ్వులు. మూడు, గ్రీటింగ్ కార్డులు. నాలుగు, ఆ రోజు ఎవరూ రాకూడదు."

కాగితం ఈ ఏడాదిది కాదు. నిరుడు డిసెంబరులో రాసింది. నర్సు ఉద్యోగంలో పండగ సెలవులు కాగితం మీద ఉంటాయి గానీ చేతికి రావు. నిరుడు మూడుసార్లు ముహూర్తం పెట్టుకున్నారు, మూడుసార్లూ డ్యూటీ పడింది. మూడుసార్లూ క్రిస్టీనా "ఎల్లుండి చేసుకుందాంలే నాన్నా" అంది. ఆ ఎల్లుండి రాలేదు. ఈ ఏడాది జాస్మిన్ అసలు అడగనే లేదు. అడిగి, ఏడ్చి, చెయ్యి పట్టుకుని లాగినా బాగుండేది. అడగడమే మానేసిన పిల్లను చూసి క్రిస్టీనాకు నిజంగా భయం వేసింది. అందుకే తోటి నర్సు అనురాధను బతిమాలి, తన రెండు ఆదివారాలు ఆమెకు ఇచ్చి, ఈ ఒక్క శనివారం సంపాదించుకుంది.

భర్త శ్యామ్ బాబు రాజోలులో పోస్టాఫీసు ఉద్యోగి. క్యారేజీ పట్టుకుని వెళ్లిపోయాడు. అత్తగారు సుందరమ్మ పండగ సరుకుల కోసం ఏడు గంటల ఆటోకే రాజోలు వెళ్లింది. ఇంట్లో తల్లీ కూతుళ్లు తప్ప పురుగు లేదు. నాలుగో నంబరుకి ఇంతకన్నా మంచి రోజు దొరకదు.

"బిజీ అమ్మల కోసం, పది నిమిషాల్లో నక్షత్రం!" అంటోంది ఫోనులో వీడియో. చూపిస్తున్నావిడ గోళ్లకు రంగు చెదరలేదు, బల్ల మీద ఎక్కడా మైదా పిండి మరక లేదు. తయారైన నక్షత్రం అరచేతిలో పట్టేంత ఉంది.

"ఇది నక్షత్రం కాదమ్మా, బిళ్ల," అంది జాస్మిన్.

"మరెంత ఉండాలే?"

"నా అంత."

చిక్కుడు పందిరికి తెచ్చిన వెదురు బద్దలు పెరట్లో ఉన్నాయి. వాటిని అరటి నారతో కట్టారు, విప్పారు, మళ్లీ కట్టారు. మైదా ఉడికించి జిగురు చేశారు. వీడియోలో బంగారు రంగు కాగితం వాడితే జాస్మిన్ ఒప్పుకోలేదు.

"ఎర్రదే ఉండాలి. తెల్ల తోక ఉండాలి. మన చర్చి నక్షత్రం అలాగే ఉంటుంది కదా, నువ్వు చూళ్లేదా?"

క్రిస్టీనా ఎర్ర కాగితం అందుకుంది. ఆ నక్షత్రం పెట్టే వారాల్లో ఆమె ఎప్పుడూ వార్డులోనే ఉండేది. పది నిమిషాల నక్షత్రం రెండు గంటల్లో పూర్తయింది. జిగురు ఆరాలని గేటు పక్క కొబ్బరిచెట్టుకు, బట్టలారేసే కర్రతో ఎత్తి, ఎండ తగిలేలా వీధి వైపు కట్టారు. గాలికి తెల్ల తోక ఎగురుతుంటే జాస్మిన్ చప్పట్లు కొట్టింది. క్రిస్టీనా ఆ చప్పట్లు విని ఏడాది అయింది.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఆ ఊళ్లో డిసెంబరు నెలంతా రోజుకొక ఇంట్లో పదకొండు గంటలకు ప్రార్థన కూడిక జరుగుతుంది. ఏ రోజు ఎవరిల్లో ఆదివారం చర్చిలో చదువుతారు. కానీ ఒకరికి జ్వరం, ఒకరికి చుట్టాలు, ఇలా సగం రోజులు ఇల్లు మారిపోతూ ఉంటుంది. అందుకని చదివినదాన్ని ఎవరూ నమ్మరు. సంఘానికి ఒక నక్షత్రం ఉంది. ఎర్రది, తెల్ల తోకది. అది ఏ ఇంటి ముందు వేలాడితే కూడిక ఆ ఇంట్లోనన్నమాట. పదకొండు గంటల వేళ క్రిస్టీనా ఆసుపత్రిలోనూ జాస్మిన్ బడిలోనూ ఉంటారు కాబట్టి, ఊరందరికీ తెలిసిన ఈ ముక్క వాళ్లిద్దరికీ తెలియదు.

తొమ్మిదిన్నరకి పక్కింటి వీరలక్ష్మి ప్లాస్టిక్ కుర్చీలు దొంతరగా పట్టుకుని వచ్చింది. ఆమె భర్త దుర్గాప్రసాద్‌కి చేపల చెరువులున్నాయి. వాళ్లింట్లో వ్రతమైతే ఈ ఇంటి కుర్చీలు అటు, ఈ ఇంట్లో ప్రార్థనైతే ఆ ఇంటి కుర్చీలు ఇటు నడవడం రివాజు.

"ఏంటి వదినగారూ, ఒక్క మాట చెప్పొద్దాండీ? చెట్టు మీద చూసి తెలుసుకోవాల్సొచ్చింది. ఇవి ఆరు. ఇంకో ఆరు మా ఆయన తెస్తున్నారు."

కోనసీమలో గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఎందుకొచ్చారని అడగరు. కాఫీ తాగుతారా అని అడుగుతారు. క్రిస్టీనా అదే అడిగింది. కుర్చీలు అత్తగారు తెమ్మని ఉంటారనుకుంది. వీరలక్ష్మి కాఫీ తాగి, కుర్చీలు వరసగా వేసి, వాకిలి కూడా ఊడ్చి వెళ్లింది.

అంతలో శ్యామ్ బాబు ఫోను.

"మనింట్లో కూడికంట కదా? ఇక్కడ కౌంటర్ దగ్గర ఎవరో చెప్పేరు. మా అమ్మ నీకు కూడా చెప్పకుండా పెట్టేసిందా?"

క్రిస్టీనా కుర్చీల వరస వైపు చూసింది. "అత్తయ్యగారు పెట్టేరా?"

"మరింకెవరు పెడతారు? ఊరుకో, ఏం అనకు. పండగ పూట పెద్దావిడ ముచ్చట."

ఫోను పెట్టేసరికి గేటు దగ్గర "వందనాలండీ" అంటూ పాటల పుస్తకాలతో నలుగురు ఆడవాళ్లు. ఆ వెనకాల ముగ్గురు. క్రిస్టీనా వంటింట్లోకి పరిగెత్తి, నలుగురి కోసం కలిపిన గులాబీ పువ్వుల పిండిలో ఇంకో గిద్దెడు మైదా పోసింది. కొత్తగా ఆన్‌లైన్‌లో కొన్న అచ్చు నూనెలో ముంచితే పిండి దాన్ని వదలనంది. పువ్వు రాలేదు, ముద్ద వచ్చింది. రెండోసారి ముద్ద కూడా రాలేదు.

పదిన్నరకి సుందరమ్మ ఆటో దిగింది. నక్షత్రం చూసింది, కుర్చీలు చూసింది, కూర్చున్నవాళ్లను చూసింది. పదేళ్లుగా తన కోడలికి ఉద్యోగమే తప్ప సంఘం పట్టదని నలుగురూ అంటుంటే మాటపడ్డ మనిషి. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత పని తలపెట్టి తనకు ముందుగా చెప్పలేదంటే, అత్తగారిని ఆశ్చర్యపరచాలనే కదా! ఇప్పుడు అడిగేస్తే కోడలి సరదా పాడైపోదూ? సుందరమ్మ సరుకుల సంచి అరుగు మీద పెట్టేసింది. వంటింట్లోకి వచ్చి కోడలి భుజం తట్టి, "బాగా చేసేవమ్మా" అంది.

క్రిస్టీనా నూనెలోని ముద్ద వైపు చూసి, ఇది వెటకారమనుకుని, "ఆయ్" అంది.

సుందరమ్మ ఆనందం పట్టలేక అరుగు మీదికి వెళ్లి పక్క ఊళ్లో చెల్లెలికి ఫోను చేసింది. "మా కోడలు కూడిక పెట్టిందే! నువ్వూ రా, మీ వాళ్లనీ తీసుకురా!" అరగంటలో ఒక్క ఆటోలోంచి తొమ్మిదిమంది దిగారు. ఆ తొమ్మిదిమందీ ఆ ఒక్క ఆటోలో ఎలా పట్టారన్నది డ్రైవరుకే తెలియాలి. దుర్గాప్రసాద్ ఇంకా ఆరు కుర్చీలు, చాలక రెండు బల్లలు, అవీ చాలక చేపల చెరువు కాపలా మంచం తెచ్చాడు. అయినా ఒక పెద్దావిడ నిలబడే ఉంది. ఎవరో వసారాలో ఉన్న జాస్మిన్ చిన్న కుర్చీ తీసి ఆవిడకి వేశారు. దాని మీద పరచుకున్న ఎర్ర కాగితాలూ కత్తెరా కింద పెట్టారు.

లెక్క నలభై ఏడుకి చేరింది. పిండిలో మూడోసారి నీళ్లు పోస్తూ క్రిస్టీనా జాస్మిన్ కోసం చూసింది. వసారాలో లేదు. గదిలో లేదు. ఫ్రిజ్ మీద కాగితం కూడా లేదు.

పెరట్లో నీళ్లతొట్టి అంచున కూర్చుని ఉంది పిల్ల. కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది. తల్లిని చూసి నవ్వడానికి ప్రయత్నించింది.

"ఫర్వాలేదులేమ్మా. ఎల్లుండి చేసుకుందాం."

అచ్చం తన గొంతే. తన మాటే, తన సర్దుబాటే. క్రిస్టీనా చేతులకున్న పిండి చీరకు తుడుచుకుని, కూతురి చెయ్యి పట్టుకుని గబగబా వాకిట్లోకి నడిచింది. పాట మొదలుపెట్టబోతున్నవాళ్లంతా ఆగారు.

"మీరందరూ నన్ను క్షమించాలండీ," అంది. "ఇవాళ మా పిల్లతో ఉంటానని మాటిచ్చేను. ఏడాది నుంచి ఇస్తున్న మాటండీ. మీరందరూ ఎందుకొచ్చేరో నాకు తెలీదు. అత్తయ్యగారు పిలిచేరనుకున్నాను. ఒక్క మాట ముందు చెప్తే నేను..."

"నేను పిలిచేనా?" సుందరమ్మ లేచి నిలబడింది. "నువ్వు పిలిచేవనుకుని ఊళ్లూ వాడలూ చాటించేను కదే!"

నలభై ఏడుగురు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లను పిలిచినవాళ్లు ఎవరూ లేరన్నమాట. మంచం మీద కూర్చున్నావిడ మెల్లగా పాటల పుస్తకం సంచిలో పెట్టుకోబోయింది.

సరిగ్గా అప్పుడు సంఘ పెద్ద సాలమోను గారి మోపెడ్ గేటు ముందు ఆగింది. వెనకాల ఆటోలో ఆయన భార్య మార్తమ్మ ఒక పెద్ద గిన్నెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సాలమోను గారి చేతిలో నాలుగు వెదురు బద్దలు, వాటికి వేలాడుతూ జానెడు తెల్ల తోక.

"అందరూ ఇక్కడున్నారా!" అన్నాడాయన నుదురు తుడుచుకుంటూ. "ఇవాళ కూడిక మా ఇంట్లోనండీ. పొద్దున్నే నక్షత్రం కట్టేను. స్నానం చేసొచ్చేలోగా మా ఆవు తినేసిందండీ. మైదా జిగురు కదండీ, కాగితంతో సహా లాగించేసింది. మా ఆవిడ అరవైమందికి పులిహోర కలిపి పదింటి నుంచి గుమ్మంలో నిలబడి ఉంది. ఒక్క మనిషి రాడే!"

"ఇక్కడ చెట్టుకి ఉందండీ మరి," అన్నారు ఐదారుగురు ఒకేసారి, పైకి చూపిస్తూ.

సాలమోను గారు తలెత్తి చూశాడు. క్రిస్టీనా, జాస్మిన్ కూడా చూశారు. అప్పుడు గాని తల్లీ కూతుళ్లకు తాము చెట్టుకు కట్టింది ఏమిటో తెలియలేదు. ముందు వీరలక్ష్మి ఫక్కున నవ్వింది. తర్వాత సుందరమ్మ. ఆ తర్వాత ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. ఆ పెద్దావిడ నవ్వు తట్టుకోలేక జాస్మిన్ చిన్న కుర్చీ కీచుమంది.

"ఇంత బాగా ఎవరు చేసేరమ్మా?" అన్నాడు సాలమోను గారు.

"మా అమ్మా నేనూ," అంది జాస్మిన్, తల్లి చెయ్యి వదలకుండా.

"పండగ దాకా ఇంకా నాలుగు ఇళ్లున్నాయి. మా దగ్గర బద్దలే మిగిలేయి. నీ నక్షత్రం సంఘానికి ఇస్తావా తల్లీ?"

జాస్మిన్ బేరం ఆలోచించింది. "ఇస్తానండీ. ఆవుకి అందకుండా కట్టాలి."

"ఆయ్, అలాగేనండీ," అన్నాడు సాలమోను గారు చాలా మర్యాదగా.

అరగంట ప్రార్థన జరిగింది. మార్తమ్మ పులిహోర దింపింది. క్రిస్టీనా గరిటె అందుకోబోతే చేతిలోంచి లాగేసుకుంది. "ఏమ్మా, పిల్లకి మాటిచ్చేనన్నావు కదా? వంటింట్లోకి వస్తే ఊరుకోను." సుందరమ్మ అటక మీంచి తన పాత ఇనుప అచ్చు దించి, నీళ్లోడుతున్న పిండిని చూసి అందులో రెండు గ్లాసుల బియ్యప్పిండి, నాలుగు గుడ్లు, కాసిని కొబ్బరి పాలు పోసింది. అచ్చును నూనెలో బాగా కాగనిచ్చి పిండిలో సగం దాకే ముంచింది. పువ్వు విడిపోయి నూనెలో తేలింది. జాస్మిన్ వచ్చి పదిహేను పువ్వులు స్వయంగా వేసింది. అందులో పదమూడు గుండ్రంగానే వచ్చాయి.

కుర్చీలన్నీ నిండిపోయాయి కాబట్టి తల్లీ కూతుళ్లు కొబ్బరిచెట్టు కింద చాప వేసుకుని మధ్యాహ్నమంతా కార్డులు చేశారు. తన ఇంట్లో తనను ఎవరూ ఏ పనికీ పిలవని మధ్యాహ్నం క్రిస్టీనాకు పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. నలభై ఏడుగురూ వెళ్తూ వెళ్తూ చేతిలో ఒక ఎర్ర కార్డు పట్టుకుని వెళ్లారు. వీరలక్ష్మి తనకి రెండు కావాలంది, ఇచ్చారు. జిగురు పూసీ పూసీ క్రిస్టీనా వేళ్లు అతుక్కుపోయాయి. ఆమె అంత సంతోషంగా ఉండి చాలా రోజులైంది. ఆ మాట కూతురితో అంది కూడా.

"నాక్కూడా," అంది జాస్మిన్.

సాయంత్రం కుర్చీలు దాటించడం అయ్యాక జాస్మిన్ మడతలు విప్పి కాగితాన్ని మళ్లీ ఫ్రిజ్‌కి అంటించింది. మొదటి మూడింటికీ టిక్కు పెట్టింది. నాలుగోదాని దగ్గర పెన్సిలు కొరుకుతూ కాసేపు నిలబడింది. చివరికి "ఎవరూ రాకూడదు" అన్నది కొట్టేసి, పక్కనే గుండ్రంగా రాసింది:

"రావచ్చు. కుర్చీలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి."