రీసెట్ బటన్ మీద దండయాత్ర

పరీక్షలకు పన్నెండు దినాల ముందటి సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, పాలిటెక్నిక్ రెండో అంతస్తు ప్రయోగశాలలో, ఇరవై రెండేళ్లపాటు విద్యార్థుల మొరటువేళ్ల తాకిడిని కిక్కురుమనకుండా భరించిన ప్రాసెసర్ కిట్టు, సన్నని పొగ ఒకటి వదిలి, వీరమరణం పొందింది.

దాని సింహాసనాన్ని ఎమ్యులేటర్ అధిష్ఠించింది. ప్రాసెసర్ కాకపోయినా కంప్యూటర్ తెర మీద ప్రాసెసర్‌లా నటించడం ఈ ప్రోగ్రాం వృత్తి. నటుడికి వేషం ఎక్కువ: పదహారు కిటికీలు, నలభై బటన్లు, ఎందుకో తెలియని ఒక ఊదారంగు గీత. ‘పది నిమిషాల్లో మొదలుపెట్టండి’ అన్నది దాని సహాయ గ్రంథంలో మొట్టమొదటి అబద్ధం.

బుధవారం మధ్యాహ్నం ఆ మాయాదుర్గం ఎదుట ల్యాబ్ టీచరు కుర్చీ లాక్కుని కూర్చుంది. పక్కనే స్టూలు మీద ఆమె వదిన, ఒడిలో ఒక నోటుబుక్కు. అందులో టీచరు అన్నయ్య, పోయిన చలికాలంలో కన్నుమూసినవాడు, తన చేత్తో రాసిన ప్రోగ్రాం ఉంది: ఎనిమిది దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలగాలి. భార్యకు ‘రేపు చూపిస్తా’ అంటూనే వెళ్లిపోయాడు. ఆ రేపటి కోసమే ఈ యుద్ధం.

“చదువు వదినా.”

“మూడు ఈ. సున్నా ఒకటి. డి మూడు...”

“అది ఎనిమిదా, బీయా?”

“బీ. ఆయన ఎనిమిదికి నడుముంటుంది. ఇరవై ఏళ్లు ఆయన సరుకుల చీటీలు చదివాను, నాకు తెలీదా?”

నలభై ఒక్క సంకేతాలు తెర మీద బారులు తీరాయి. దీపాల కిటికీ మాత్రం కనిపించదు. మూడు మెనూల అడుగున, ‘ఇతరములు’ అనే చీకటి కొట్లో దాన్ని దాచిన మహామేధావికి టీచరు మనసులోనే నమస్కరించింది. ఆ నమస్కారంలో గౌరవం లేదు.

అప్పుడామె, పాత కిట్టు దగ్గర ఇరవై రెండేళ్లుగా చేసినట్టే, నడిపించే ముందు రీసెట్ నొక్కింది. అలా నొక్కనిదే ఆ ముసలిది మాట వినేది కాదు.

నలభై ఒక్కటీ సున్నాలైపోయాయి.

‘ఓరీ కపటయంత్రమా! నిరాయుధుల అక్షరసేనను ప్రశ్నయైనా అడగక భస్మం చేసిన పిరికిపందా!’ అనే ప్రళయభాషణం ఆమె గుండెలో లేచి, నోటిదాకా వచ్చేసరికి “పోయింది వదినా” గా మిగిలింది.

రెండోసారి టైపు కొట్టారు. రెండోసారీ వేలు తనంతట తానే వెళ్లి రీసెట్ నొక్కింది.

“మాయదారి మిషను!”

“దాన్నెందుకంటావ్, నొక్కింది నువ్వే!” అంది వదిన. “నేను చూస్తూనే ఉన్నా.”

టీచరు ఆ వేలిని తేరిపార చూసింది. శత్రువు కోట లోపలే ఉన్నాడని తెలిసిన సేనాపతికి ఇంతకన్నా అవమానం ఉండదు.

మూడోసారి నలభై ఒకటీ పూర్తయ్యాయి. కుడిచెయ్యి మౌస్ మీద మెల్లగా జరిగింది, రీసెట్ వైపే.

“ఆ చెయ్యి ఇటియ్యి.” వదిన ఆ మణికట్టును పట్టుకుని, నోటుబుక్కు మీద అదిమిపెట్టింది. “ఇప్పుడు నొక్కు చూద్దాం.”

“ఎడంచేత్తోనా?”

“చేతకాదా? టీచరువి కదా!”

బందీయైన దక్షిణహస్తాన్ని వెనుక వదిలి, అనుభవశూన్యమైన వామహస్తం, తడబడుతూ, రెండుసార్లు గురితప్పి, చివరికి నడిపించే బటన్‌పై పడింది.

తెర మీద మొదటి దీపం ఎర్రగా వెలిగింది. తర్వాత రెండోది. వదిన చెయ్యి వదల్లేదు. ఎనిమిదోది వెలిగి ఆరింది.

“అంతేనా?”

“అంతే.”

“బాగుంది,” అంది వదిన.

పదహారు కిటికీలూ, నలభై బటన్లూ, ఆ ఊదా గీతా సాక్షులుగా, రెండు గంటల నలభై నిమిషాల ఘోరసమరానంతరం లభించిన విజయమిది: ఎనిమిది చుక్కలు, ఎడమ నుంచి కుడికి, ఒక్కసారి.

వదిన పేజీ తిప్పింది. ‘మళ్లీ ఎడమకు’ అని ఆయన రాత ఉంది. దాని కింద ఒక్క సంకేతమూ లేదు.

ఆ భాగం ఇంకా రాయాలి.