వేదిక మీదివారికి హాజరు లేదు

మా కళాశాల మూడో సంవత్సరం విద్యార్థిని విదేశంలో జరిగే విద్యార్థుల సదస్సులో 'సమయపాలన' గురించి పది నిమిషాలు మాట్లాడడానికి ఎంపికైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఆమె సమయాన్ని మేమందరం కలిసి ఎలా కాపాడామో వివరించడమే ఈ నివేదిక ఉద్దేశం. నేను ఆమెకు భౌతికశాస్త్రం చెప్పే మాస్టారిని. హాజరు పట్టీ నా దగ్గరే ఉంటుంది కాబట్టి నా మాట నమ్మవచ్చు.

ప్రయాణానికి ఆరు వారాల గడువుంది. ప్రయోగ పరీక్షలు, రెండు రికార్డు పుస్తకాలు, పాస్‌పోర్టు, వీసా అన్నీ ఆ ఆరు వారాల్లోనే. వీటన్నిటినీ మించినది ప్రిన్సిపాల్ గారి అనుమతి పత్రం. డెబ్బై అయిదు శాతం హాజరు లేనివారికి అది దొరకదు. ఆమెకు డెబ్బై ఏడు ఉంది. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదట. సదస్సు జరిగే హాలు కిటికీలోంచి సముద్రం కనబడే బొమ్మ ఒకటి ఆహ్వానంతో వచ్చింది. దాన్ని రికార్డు అట్టలో దాచుకుని, ఎవరూ చూడనప్పుడు తీసి చూసుకునేది.

ఇంట్లో పెద్దనాన్న రంగంలోకి దిగారు. ముప్పై ఏళ్లు సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి, ఏ పనీ దొరక్క చేతులు దురద పెడుతున్నాయి. రోజును పదిహేను నిమిషాల ముక్కలుగా కోసి, నాలుగు రంగుల సిరాతో కాలపట్టిక గీశారు. నిద్రకు ఎదురుగా 'వీలును బట్టి' అని రాశారు. పట్టిక సక్రమంగా అమలవుతోందో లేదో సమీక్షించడానికి సాయంత్రం గంటన్నర కేటాయించారు. "టైమ్ విలువ తెలియాలంటే తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవాలి తల్లీ" అనేవారు. గంటన్నర చాలకపోవడంతో చదువులోంచి ముప్పావు గంట కోసి సమీక్షలో కలిపారు.

బంధువులూ తలో చెయ్యి వేశారు. "నీ టైమ్ తిననే, ఇలా వచ్చి అలా వెళ్లిపోతా" అంటూ పొద్దున్నే దిగిన మేనత్త, భోంచేసి, ఓ కునుకు తీసి, చలికి చెవులెలా కప్పుకోవాలో మూడు రకాలుగా చూపించి, దీపాలు వెలిగే వేళకు వెళ్లింది. ఆ అత్త ఒంటరిగా చేసిన అతి దూర ప్రయాణం వీధి చివరి మందుల షాపు వరకు. వెళ్లేది చలిదేశమో ఉక్కదేశమో అడగాలని ఎవరికీ తోచలేదు.

అయినా పిల్ల గట్టిది. పాస్‌పోర్టు కార్యాలయం వరసలో నిలబడి, పుస్తకం గోడకు ఆనించి రికార్డు రాసింది. ఆ తొందరలో లోలకం ఊగిన లెక్క దగ్గర తన టోకెన్ నంబరు వేసింది. నేను గమనించి కూడా మార్కులిచ్చాను, ఎందుకంటే జవాబు దాదాపు సరిపోయింది.

అప్పుడే కళాశాలకు ఆమెను అభినందించాలనిపించింది. మొదట ప్రిన్సిపాల్ గారు, తర్వాత అధ్యాపక సంఘం, ఆపైన విద్యార్థి సంఘం. ఇంతమంది చేశాక తాము ఊరుకుంటే బాగుండదని పూర్వ విద్యార్థులు. నాలుగు సభలూ తరగతి వేళల్లోనే. హాలు నిండాలి కనుక ఉత్తర్వు వచ్చింది: 'సభికులుగా కూర్చున్న విద్యార్థులందరికీ హాజరు వేయవలెను.' వేశాం. ఆమె మాత్రం సభికురాలు కాదు, వేదిక మీద ఉంది. వేదిక మీదివారి గురించి ఉత్తర్వులో ఒక్క ముక్క లేదు. "ఈ అమ్మాయి ఒక్క నిమిషం వృథా చెయ్యదు! ఈమెను చూసి మనమంతా నేర్చుకోవాలి!" అని ప్రిన్సిపాల్ గారు యాభై నిమిషాలు మాట్లాడుతుంటే, నేను మొదటి వరసలో కూర్చుని ఆమె పేరు ఎదురుగా గైర్హాజరు గుర్తు పెట్టాను. రూలు రూలే.

నాలుగో పూలగుత్తి అందుకునేసరికి ఆమె హాజరు డెబ్బై నాలుగున్నరకు దిగింది. అనుమతి పత్రం కోసం వెళ్తే ప్రిన్సిపాల్ గారు నిజంగానే బాధపడ్డారు. పట్టీతో సహా నన్నూ పిలిపించారు.

"అర శాతమేగా సార్. ఆ గంటల్లో నేను మీ పక్కనే కూర్చున్నాను కదా" అంది.

"నేను కాదన్నానా అమ్మా? పట్టీలో లేవు కదా!"

ఆమె నావైపు చూసింది. నేను పట్టీ వైపు చూశాను. విమానం మాత్రం సరైన సమయానికే బయలుదేరిందని తర్వాత తెలిసింది.

ఇంతటి త్యాగాన్ని కళాశాల ఊరికే పోనివ్వలేదు. 'విదేశీ ప్రయాణం కన్నా తరగతికే విలువనిచ్చిన ఆదర్శ విద్యార్థిని' అంటూ ఐదో సభ పెట్టింది, అదీ నా పాఠం వేళకే. పాత ఉత్తర్వే మళ్లీ తిప్పారు. హాలు కిటకిటలాడింది గానీ, వేదిక మీద ఆమె కుర్చీ ఖాళీ. వెతికి తీసుకురమ్మని నన్ను పంపారు.

తరగతి గదిలో, అరవై బల్లల మధ్య, ఆమె ఒక్కతే పుస్తకం తెరిచి కూర్చుని ఉంది.

"ఇవాళ పాఠం చెప్పరా సార్?" అంది.

నాకు సిగ్గేసింది. సభకు ఆలస్యమవుతోందని చెప్పి వచ్చేశాను. ఆమె రాలేదు.

ఉత్తర్వు ప్రకారం సభికులందరికీ హాజరు వేశాను. తరగతిలో కూర్చున్నవారి గురించి అందులో ఏమీ లేదు కనుక ఆమెకు వేయలేదు. ప్రిన్సిపాల్ గారు పూలగుత్తిని ఖాళీ కుర్చీలో పెడుతుంటే అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఈ నివేదిక చదువుతున్న తమరూ మూడో వరసలో ఉన్నారు. నిశ్చింతగా ఉండండి, తమకు హాజరు పడింది.