అధ్యక్షులవారి ఒక్క రోజు

కెనడాలోని కిచెనర్ తెలుగు వికాస సంఘం అధ్యక్షులు యోగానంద్ గారు ఫెడరల్ స్థాయికి ఎదిగారని ఉపాధ్యక్షులు అమరేశ్వరరావు గారు వాట్సాప్ గ్రూపులో సగర్వంగా ప్రకటించారు.

కాలేజీల పేరిట దొంగ ఆఫర్ లెటర్లిచ్చి స్టూడెంట్లను రప్పించినందుకు ఆయనకు రెండేళ్ల శిక్ష పడింది. రెండేళ్లయితే ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వపు జైలు. ఒక్క రోజు తగ్గినా ప్రావిన్సు జైలే. అంత గౌరవం దక్కినా ఆయన పొంగిపోలేదు. ఫెడరల్ ఖైదీ అధ్యక్షుడిగా ఉండరాదని సంఘం రూలు. అందుకే ఆ ఒక్క రోజు తగ్గించమని కోర్టుకెక్కారు.

సిఫారసు ఉత్తరాల కోసం అమరేశ్వరరావు గారు సరోజ ఉండే బేస్‌మెంటు మెట్లు దిగారు. చంకలో పాపతో సరోజ బిక్కచచ్చిపోయింది. ఆమె భర్త కిరీటి వచ్చింది యోగానంద్ గారిచ్చిన లెటరుతోనే. ఇప్పుడు మోసపోయామని తేలితేనే ఇమిగ్రేషన్ వాళ్లు ఉండనిస్తారు.

“నలభై ఒక్కమంది ఇచ్చేశారమ్మా. ఇదిగో నమూనా, పేరు మార్చి సంతకం పెట్టు, చాలు.”

“ఆయన ఎవర్నీ మోసం చెయ్యలేదని ఉంది కదంకుల్. మరి మా ఫైలు?”

“మనవాళ్లకి మనం కాకపోతే ఎవరమ్మా?”

“పోనీ, నేనే చేత్తో రాసిస్తా.”

“భేష్! చేతిరాతంటే జడ్జీలకి ప్రాణం!”

ఇంటర్ మధ్యలో ఆగిపోయిన ఇంగ్లీషుతో సరోజ ఒక పేజీ రాసింది. ఆయన దాన్ని ఎంతో శ్రద్ధగా, చదవకుండా, కవర్లో పెట్టుకున్నారు.

కోర్టులో జడ్జి ఉత్తరాలు తిరగేశారు. నలభై ఒక్కటీ “రెస్పెక్టెడ్ వీసా ఆఫీసర్” అని మొదలై, “కోర్సు పూర్తికాగానే స్వదేశానికి వెళ్లిపోతాను” అని ముగిశాయి. యోగానంద్ గారు తన కస్టమర్లందరికీ ఇచ్చే నమూనా అది. మధ్యలో ఆయన ఎవర్నీ మోసం చెయ్యలేదన్న ముక్కొక్కటే కొత్తగా ఇరికించారు.

నలభై రెండోది జడ్జి పైకి చదివారు.

“ఆయన చెప్పిన అడ్రసుకు వెళ్లాం. కాలేజీ లేదు, పిజ్జా కొట్టు ఉంది. మా ఆయనకు అందులోనే పని దొరికింది. అందుకు థాంక్స్.”

“నమ్మదగ్గది ఇదొక్కటే” అంటూ అప్పీలు కొట్టేశారు. కిరీటి మోసపోయాడని తీర్పులో రాశారు. సరోజ ఏడాది తర్వాత కడుపునిండా అన్నం తింది.

మర్నాడు జైలు నుంచి యోగానంద్ గారి ఫోను.

“సారీ అంకుల్...”

“సారీ ఎందుకమ్మా! జడ్జి నీ లెటరొక్కటే నమ్మాడు. పై కోర్టుకెళ్తున్నా. అలాంటిదే ఇంకోటి రాసిపెట్టు.”

“ఏం రాయాలంకుల్?”

“నిజమే రాయమ్మా. నలభై ఒక్క కాపీలు తీయిద్దాం.”