బాతుగుడ్ల బోర్డు నోరు విప్పింది

బాండుంగ్ పక్కనున్న చిమాహీ ఊళ్లోని ఆ చిన్న వర్క్‌షాపులో ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా మామూలుది. కాఫీ తాగాలి. అద్దె సాఫ్ట్‌వేరుకు ఒక నమస్కారం పెట్టి పంపేయాలి. బాతుగుడ్లు పొదిగే పెట్టెలో పెట్టే సర్క్యూట్ బోర్డును అద్దె అడగని ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేరులోకి మార్చి, మధ్యాహ్నం లోపు బోర్డుల ఫ్యాక్టరీకి పంపేయాలి.

ఆ బోర్డులు గీసేది నినింగ్. ఆమెకు ఏ కాలేజీ ఏమీ నేర్పలేదు. పాడైపోయిన రేడియోలు విప్పుకుంటూ తనే నేర్చుకుంది. అద్దె సాఫ్ట్‌వేరు పేరెత్తితే ఆమెకు ఒళ్లు మండుతుంది. మండదా మరి? గీత మనది, చెమట మనది, తాళంచెవి మాత్రం ఎక్కడో కూర్చున్నవాడిది. అద్దె ఒక్కరోజు ఆలస్యమైతే మన బొమ్మ మనకే తెరుచుకోదు. సొంత గుమ్మం ముందు టికెట్టు కొనుక్కుని నిలబడటం అంటే ఇదే.

"ఇవాళ్టితో గడువు అయిపోయింది, పాక్. ఇంక కట్టొద్దు," అంది నినింగ్. వాళ్ల భాషలో పాక్ అంటే అయ్యగారు.

ఓనరు జుహానా కాఫీ గ్లాసు దించాడు. ఆరేళ్లుగా ఈ ఉపన్యాసం విని విని ఆయన చెవులు కాయలు కాశాయి. "సరే. మార్చు. కానీ విను. కొత్త బోర్డులో ఒక్క తప్పు కనబడిందా, మర్నాడే మళ్లీ అద్దె కడతా. ఆ తర్వాత నువ్వు ఈ గడపలో 'ఓపెన్' అన్నమాట ఎత్తకూడదు. కిటికీ ఓపెన్ చెయ్యమని కూడా అనకూడదు!"

"ఒప్పుకున్నా!" అని నినింగ్ ఎగిరి కుర్చీలో కూర్చుంది.

సర్క్యూట్ బోర్డును పొరలు పొరలుగా గీస్తారు. రాగి గీతలకు ఒక పొర, రంధ్రాలకు ఒకటి, బోర్డు మీద తెల్ల సిరాతో అచ్చయ్యే అక్షరాలకు ఒకటి. ఇవి కాక, ఫ్యాక్టరీకి ఎప్పుడూ వెళ్లని సొంత నోట్సు పొర ఒకటుంటుంది. పాత బొమ్మ తెరవగానే కొత్త సాఫ్ట్‌వేరు మర్యాదగా అడిగింది: ఏ పొరను ఎక్కడ పెట్టమంటారు? పక్కనే 'మీకెందుకు, నేనే జతచేస్తా' అనే బటన్ కూడా పెట్టింది. వెనక జుహానా ఆమె మెడ మీద ఊపిరి వదులుతున్నాడు. నినింగ్ బటన్ నొక్కేసింది. అది నోట్సు పొరను తీసుకెళ్లి తెల్ల సిరా పొరలో కలిపేసింది.

"వచ్చేసింది! చూడండి, పాక్! తిప్పి కూడా చూడొచ్చు!"

తెర మీద బోర్డు గిరగిరా తిరిగింది. జుహానా చిన్నపిల్లాడిలా వంగాడు. "ఆ తెల్ల రాతలు అడ్డొస్తున్నాయి, తియ్యి, రాగి గీతలు కనబడటం లేదు." తీసింది. అవి తెర మీద దాక్కున్నాయి గానీ బోర్డు మీంచి పోలేదు. అక్కడే కొంప మునిగింది. తర్వాత తప్పులు వెతికే మీట నొక్కితే 'తప్పులు: సున్నా' అని వచ్చింది. ఇద్దరూ కేకలు పెట్టారు. ఆ మీట తీగ తెగిందా అని చూస్తుంది గానీ, ఎవరు ఎవర్ని తిట్టారో చూడదు కదా. అదే ఊపులో బొమ్మ ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది.

బోర్డులు వచ్చిన రోజు డబ్బా విప్పింది యాయాట్, టంకం పెట్టే కుర్రాడు. ఒక బోర్డు తీశాడు. చదివాడు. మళ్లీ చదివాడు.

"తేహ్, అక్కా, ఒకసారి ఇటు రా. ముసలాయన మొండితనం గురించి బోర్డు మీద రాశావేంటి?"

నినింగ్ బోర్డు లాక్కుంది. ఆరేళ్లుగా నోట్సు పొరలో కక్కిన కోపమంతా ప్రతి బోర్డు మీదా ముత్యాల్లాంటి అక్షరాలతో మెరిసిపోతోంది.

"కప్పెయ్! ఏదో ఒకటి పెట్టి కప్పెయ్!"

యాయాట్ సంచిలో ఒక స్టిక్కర్ల చుట్ట ఉంది. వాళ్ల వదిన అమ్మే కారం అప్పడాల ప్యాకెట్లకు అంటించేవి అవి: ఒక మంట బొమ్మ, కింద కారం ఎంతో చెప్పే 'లెవెల్ 5'. ఇద్దరూ కూర్చుని రాత కనబడిన చోటల్లా టకటకా అంటించారు. అంతలో జుహానా రానే వచ్చాడు.

"ఈ మంటలేంటి?"

"వేడి పరీక్ష, పాక్," అన్నాడు యాయాట్. అబద్ధం నోట్లోంచి జారిపోయాక దాన్ని పట్టుకోవడం ఎవరి తరం? "అయిదో లెవెల్ దాకా తట్టుకుంది."

జుహానా ముఖం వెలిగిపోయింది. నినింగ్ నోరు తెరిచేలోపే గారుత్‌లో బాతుపిల్లల్ని పొదిగించే హేచరీ నడిపే బు ఓనిహ్‌కు, అంటే ఓనిహ్ అమ్మగారికి, ఫోన్ కొట్టాడు. "ఇక మీ గుడ్లకు ఢోకా లేదు! ఇది అయిదో లెవెల్ బోర్డు! ఇలాంటి పరీక్ష బాండుంగ్ మొత్తంలో ఎవడూ చెయ్యడు!"

"అయిదో లెవెలా?" అవతలి గొంతు ఫోన్ బయటికి వినబడింది. "ఉండు, నేనే వచ్చి చూస్తా!"

బు ఓనిహ్ వచ్చింది. ఉప్పులో ఊరేసిన బాతుగుడ్ల బుట్ట ఒక చేతిలో, కళ్లద్దాలు ఇంకో చేతిలో.

"ఏదీ, ఆ పరీక్ష చేసే మిషను?"

జుహానా యాయాట్ వైపు చూశాడు. యాయాట్ వేలు గాల్లో కాసేపు తిరిగి రైస్ కుక్కర్ దగ్గర ఆగింది.

బు ఓనిహ్ మూత తీసింది. "ఇందులో అన్నం ఉడుకుతోందేంటి?"

"వేడి వృథా చెయ్యం, బు," అన్నాడు యాయాట్.

"సరే, నా కళ్ల ముందు చెయ్యి." ఆగకుండా తనే ఒక బోర్డు తీసుకుని ఆవిరి మీద పట్టింది. నినింగ్ కళ్లు మూసుకుంది. అప్పడాల స్టిక్కరు ఆవిరికి ఎంతసేపు ఆగుతుంది? అంచు లేచింది, మెత్తబడింది, జారి అన్నంలో పడింది. బు ఓనిహ్ కళ్లద్దాలు పెట్టుకుని పైకే చదివింది.

"'ఈ రంధ్రాన్ని బు ఓనిహ్ మూడుసార్లు జరిపించింది. నాలుగోసారికి నేను బతికుంటే చూద్దాం.'"

ఆవిడ ఇంకో స్టిక్కరు గోరుతో పీకింది. "'ఇక్కడ ఫ్యూజు పెడదామన్నా. ముసలాయన మొండికేశాడు. గుడ్లు తిప్పే మోటారు ఆగిపోతే ముందు ఈ మూల చూడండి.'" ఇంకోటి పీకింది. "'వేడిని కొలిచేది ఇదే. దుమ్ము పడితే మా బావలా అబద్ధాలు చెబుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే నిజం చెబుతుంది.'"

"నాదే తప్పు," అంది నినింగ్. తల దించలేదు. "ఆ రాతలు నావే. యాయాట్‌ని ఏమీ అనకండి."

"సున్నా తప్పులన్నావే!" జుహానా అరిచాడు. "నన్ను ముసలాయన అని అచ్చు వేయించావు! రేపే అద్దె కడతా! అన్నమాట గుర్తుందిగా? ఈ బోర్డులన్నీ చెత్తబుట్టలో..."

"ఆగవయ్యా జుహానా!" బు ఓనిహ్ బోర్డును గుండెకు హత్తుకుంది. "చెత్తబుట్టలో వేసేదేంటి? పొదగడం ఆగినప్పుడల్లా పెట్టె విప్పి చూస్తే అన్నీ అంకెలూ పొడి అక్షరాలే. నాకేం అర్థమవుతుంది? నీకు ఫోన్ చేస్తే 'మీ ఊళ్లో కరెంటు బాలేదేమో' అంటావు. ఈలోపు లోపల పిల్లలు చచ్చిపోతాయి. ఇదిగో, ఇది మనిషిలా మాట్లాడుతోంది. ఎక్కడ చూడాలో, ఏం తుడవాలో చెబుతోంది. నా పెట్టెలన్నిటికీ ఇలాంటివే కావాలి. ఒక్క తిట్టు తగ్గినా తీసుకోను."

"మిమ్మల్ని కూడా తిట్టింది కదా, బు!"

"మూడుసార్లు జరిపించానుగా, తిట్టదా? నువ్వు ముందు ఆ ఫ్యూజు పెట్టించు."

జుహానా కూలబడ్డాడు. బోర్డును అటూ ఇటూ తిప్పాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు. "నినింగ్, మన పాత సాఫ్ట్‌వేరులో కూడా ఇవన్నీ ఉన్నాయా?"

"ఆరేళ్లుగా ఉన్నాయి, పాక్. అది ఒక్క ముక్క బయటపెట్టలేదు."

"మరి ఆ మూగదానికి అద్దె ఎందుకు కడుతున్నావయ్యా?" అంది బు ఓనిహ్.

జుహానా బోర్డును జాగ్రత్తగా మళ్లీ డబ్బాలో పెట్టాడు. నినింగ్ పరుగున వెళ్లి కిటికీ ఓపెన్ చేసింది. 'ఓపెన్' అన్నమాట గట్టిగా, వీధికి వినబడేలా అని మరీ చేసింది.

ఆ సాయంత్రమే జుహానా వచ్చి, నినింగ్ తిట్లకు జవాబులు రాసుకోవడానికి తనకూ ఒక పొర కావాలని అడిగాడు. కొత్త బోర్డులో ఫ్యూజు తప్ప ఏ భాగమూ పెరగలేదు. సైజు మాత్రం రాతలకు చోటు చాలక రెట్టింపయింది.