ఆఖరి ట్రాము, అత్తగారు

ఆ శనివారం పొద్దున ట్రాము డ్రైవరు వీబ్రెన్ కోరిక చాలా చిన్నది. హేగ్ వీధుల్లో పాత ట్రాముకి ఇదే ఆఖరి ప్రయాణం. ఒక్క చుట్టు తిప్పేసి, కాఫీ వేళకి ఇల్లు చేరి, భార్య తీనెకె పుట్టినరోజుకి అక్కడి పద్ధతిలో చుట్టాల కోసం గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఒకదానిలో కూలబడాలి. పోయినేడు డ్యూటీ వల్ల ఆ వేడుకకి అందుకోలేకపోయాడు.

"ఈసారీ రాకపోతే మా అమ్మకి నువ్వే సమాధానం చెప్పుకో," అని తీనెకె ముందే అనేసింది.

ఈ వీడ్కోలు కోసం ట్రాము అభిమానుల సంఘం నెలల తరబడి సమావేశాలు పెట్టింది. జెండాల రంగు మీదా, బిస్కెట్ల మీదా అందరూ ఒప్పుకునేదాకా ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. తలుపుల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. మెట్లెక్కే ట్రాములు పోయి నేలబారు ట్రాములు వచ్చాక స్టాపులన్నీ ఎత్తు పెంచారు. పాతదాని తలుపులేమో బయటికి తెరుచుకునే రకం.

ఎత్తు ప్లాట్‌ఫారం లేని డిపోలో అందరూ హాయిగా ఎక్కారు. మొదటి స్టాపులో తలుపు టప్పున ప్లాట్‌ఫారం అంచుకి కొట్టుకుని ఆగిపోయింది. రెండోదాంట్లోనూ అంతే.

"గుర్రాలు లాగే రోజుల్లో తలుపులే లేవండీ! ఎక్కడ పడితే అక్కడ దూకేసేవాళ్ళు!" అన్నాడు సంఘం అధ్యక్షుడు లోడెవైక్, మహా సంబరంగా.

"నేనూ గుర్రాన్నే తోలాల్సింది," అన్నాడు వీబ్రెన్. "దగ్గరదారిలో డిపోకి పోదామా?"

లోడెవైక్ అక్కడికక్కడే సమావేశం పెట్టాడు. ఒకావిడ వద్దంది. ఒకాయన ఆలోచించాలన్నాడు. వెనక కొత్త ట్రాములు వరసకట్టి గంటలు మోగిస్తున్నాయి. చివరికి చుట్టు మొత్తం తిరగాలని ఏకగ్రీవంగా తేల్చారు.

వీబ్రెన్ ఇంటి ముందు స్టాపులో తీనెకె నిలబడి ఉంది.

"దిగు!"

"తలుపు రావట్లేదు," అన్నాడతను కిటికీ సందులోంచి.

"ఇన్నేళ్ళూ వచ్చిన తలుపు నా పుట్టినరోజునాడే రాదా? మా అమ్మ ఏమంటుందో తెలుసా?"

"తెలుసు. పోయినేడు అన్నదేగా."

పుట్టినరోజు మాట చెవిన పడగానే ట్రాములోవాళ్ళు ఇంటివాళ్ళనీ అభినందించే అక్కడి ఆచారం తప్పకుండా ఒక్కొక్కరే వచ్చి, భర్తగారి చెయ్యి పట్టుకుని ఊపి మరీ అభినందనలు చెప్పారు. ఆ వరస ముగిసేసరికి కాఫీ వేళ దాటిపోయింది.

డిపోలో తలుపు మెత్తగా తెరుచుకుంది. సంఘంవాళ్ళు దిగిపోయారు. వీబ్రెన్ నీరసంగా తలెత్తితే ఎదురుగా తీనెకె, అత్తగారు, కేకుతో సహా చుట్టాలంతా ఉన్నారు.

"నువ్వు రాలేవని మేమే వచ్చేశాం," అంది తీనెకె నవ్వుతూ. "అమ్మ చిన్నప్పుడు వీటిలోనే బడికెళ్ళేదట. ఒక్క చుట్టు తిప్పవూ?"

అందరూ ఎక్కేశారు. కేకు కోశారు. వీబ్రెన్ చేతిలోకీ ఓ ముక్క వచ్చింది. ఎట్టకేలకు పండగలో తనూ ఉన్నానని అతని ప్రాణం కుదుటపడింది.

మొదటి స్టాపు దగ్గర పడగానే, దిగుతానని అత్తగారు గంట నొక్కింది.